గెడ్డ అనే మాటకు పట్టిన గతి

ఉత్తరాంధ్రలో పుట్టి పెరిగినవారికి గెడ్డ అంటే ఏమిటో వివరించనక్కరలేదు. కొండ మీద కురిసిన వాన వాలు వెంట దిగి, రాళ్ల నడుమ దారి చేసుకొని, పొలాల మీదుగా సాగి, దారిలోని చెరువులను నింపి, మిగిలిన నీటితో నదినో సముద్రాన్నో చేరుకొనే పాయకు ఈ సీమలో గెడ్డ అని పేరు. రాయలసీమలో దానిని వంక అంటారు. తెలంగాణంలో వాగు అంటారు. గెడ్డ అనే మాట గ్రంథాలలో కంటె జనుల నోటిలోను, ఊళ్ల పేర్లలోను ఎక్కువగా బ్రతుకుతున్నది. జనుల నోటిలోని మాటకు గౌరవం ఉండవలెనని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులు 1863లో జన్మించినది ఈ శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలోనే. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని పాఠశాలలు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నవి. అట్టి నేలమీది మాట కనుక గెడ్డకు ఏమి జరుగుతున్నదో విచారించడం భాషోపాధ్యాయులకు కూడ తగిన పనే.

ఎచ్చెర్ల నుండి జాతీయ రహదారి వెంట దక్షిణంగా సుమారు నూరు కిలోమీటర్లు పోతే విశాఖపట్నం వస్తుంది. అక్కడి బడిపిల్లవానిని గెడ్డ అంటే ఏమిటని అడిగితే వచ్చే సమాధానం వేరు. అతనికి గెడ్డ అంటే మురుగు కాలువ. వంతెన దాటేటప్పుడు ముక్కు మూసుకొనవలసిన చోటు. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ వంటి పేర్లలో కొండనీటి జ్ఞాపకం మిగిలి ఉన్నది గాని, వాటిలో ఆ నీరు మిగలలేదు. నగరపాలక వ్యవహారంలో అవి వానకాలువలు. ఆచరణలో ఇండ్ల మురుగును, దుకాణాల చెత్తను మోసుకొనిపోయే మార్గాలు.

ఒకే భాష, ఒకే మాండలికం, నూరు కిలోమీటర్ల దూరం. మాటకు మాత్రం రెండు అర్థాలు. అర్థం దిగజారడాన్ని భాషాశాస్త్రంలో అర్థాపకర్ష అంటారు. సాధారణంగా అది శతాబ్దాల పని. విశాఖపట్నంలో గెడ్డ విషయంలో అది రెండు మూడు తరాలలోనే జరిగిపోయినది. ముందు నీరు చెడినది. నీటి వెంట మాట చెడినది. ఇప్పుడు ఆ రెండు చోట్లను కలిపే రహదారి పొడవునా పట్టణం పెరుగుతున్నది కనుక, ఎచ్చెర్ల పిల్లలకు రేపు ఏ అర్థం మిగలబోతున్నదన్నది నేటి ప్రశ్న.

ఈ తీరపు నీటిదారులను ఒకసారి పటం మీద చూడవలెను. ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టిన నాగావళి సుమారు 256 కిలోమీటర్లు నడిచి, శ్రీకాకుళం పట్టణాన్ని ఒరసుకొని, కల్లేపల్లి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దానికి దక్షిణాన చంపావతి కోనాడ వద్దను, అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని భీమునిపట్నం వద్దను సముద్రాన్ని చేరుతవి. నాగావళికి చంపావతికి నడుమ ఉన్న నేల నీటిని మోసేవి పెద్దగెడ్డ, కందివలస గెడ్డ. చిన్నవే అయినా ఇవి పెద్ద నదుల ఉపనదులు కావు. తమ పరీవాహక భూమి తమకే ఉన్నది. జలవనరుల లెక్కలలో వాటిని వేర్వేరుగానే పేర్కొంటారు.

గెడ్డ స్వభావం నది స్వభావం వంటిది కాదు. దానికి మంచుకొండల అండ లేదు. నైరుతి ఋతుపవనం వచ్చినప్పుడు, ఆశ్వయుజ కార్తికాలలో తుపానులు పట్టినప్పుడు ఒక్క రాత్రిలో పొంగుతుంది. చైత్ర వైశాఖాలకు ఇసుక తేలి సన్నని ధార అవుతుంది, లేదా మడుగులుగా విడిపోతుంది. పూర్వులు ఈ స్వభావాన్ని ఎరిగియే చెరువులను, చిన్న చిన్న బందలను గొలుసుగా త్రవ్వించి, పొంగినప్పటి నీటిని ఎండినప్పటి అవసరానికి నిలువచేసుకొన్నారు. గెడ్డ పారినంతమేర నూతులలో ఊట ఉంటుంది. అందుచేత గెడ్డ విలువను దానిలో కనబడే నీటితో మాత్రమే కట్టకూడదు. దాని ఒడ్డున ఉన్న నూతి నీరు కూడ దానిదే.

ఈ స్వభావమే దాని బలహీనత. నీటి ఆరోగ్యాన్ని కొలిచే ఒక లెక్కతో ఈ సంగతిని తేటపరచవచ్చును. సుమారు 25 డిగ్రీల వేడిమి గల మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల వరకు ప్రాణవాయువు కరిగి ఉంటుంది. చేపలు శ్వాసించేది దానినే. మురుగు వచ్చి పడినప్పుడు దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆ ప్రాణవాయువునే వాడుకొంటవి. అవి ఎంత వాడుకొంటవో తెలిపే కొలతకు బి.ఓ.డి. అని పేరు, నీటి నమూనాను 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచి మన దేశంలో దీనిని కొలుస్తారు. మనుష్యులు స్నానం చేయదగిన నీటిలో ఈ బి.ఓ.డి. లీటరుకు 3 మిల్లీగ్రాములు మించరాదనీ, కరిగిన ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదనీ ప్రమాణం.

ఇండ్ల నుండి వచ్చే పచ్చి మురుగులో బి.ఓ.డి. 200 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉన్నదనుకొందాము. అట్టి మురుగు ఒక బిందె, నిర్మలమైన నీరు తొంబదితొమ్మిది బిందెలు కలిస్తే, మిశ్రమంలో బి.ఓ.డి. 2 అవుతుంది, ఏరు దానిని సహించగలదు. అదే బిందెడు మురుగు తొమ్మిది బిందెల నీటిలో కలిస్తే 20 అవుతుంది, చేప బ్రతుకదు. శ్రావణంలో వంద బిందెలుగా పారే గెడ్డ వైశాఖంలో పది బిందెలకు దిగుతుంది. మురుగుకు మాత్రం ఋతువులు లేవు. ప్రతి దినమూ అది ఒకే కొలతలో వస్తుంది. కాబట్టి గోదావరి మ్రింగివేయగల మలినం గెడ్డను చంపుతుంది. మహానదులకు సరిపోయే ఉపేక్ష గెడ్డల యెడ చెల్లదు.

ఇది ఊహ మాత్రమే కాదు. విశాఖపట్నంలో మేఘాద్రిగెడ్డ చరిత్ర దీనికి నిదర్శనం. ఆ గెడ్డకు అడ్డంగా కట్టిన జలాశయం నగరానికి త్రాగునీరు ఇచ్చే ఆధారాలలో ఒకటి. జలాశయం దాటిన తరువాత ఆ గెడ్డయే పరిశ్రమల నడుమగా సాగి లోపలి రేవులో కలుస్తుంది. ఆ రేవు ఒకప్పుడు ఉప్పుటేరు, చిత్తడి నేల. దానిని త్రవ్వి 1933లో నౌకలకు తెరచినారు. ఆ పరిసరాలలో 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల కర్మాగారం వెలసినవి. నగరం పెరిగినది, మురుగు పెరిగినది, అదంతా రేవును చేరినది. ఒకే గెడ్డకు ఎగువన మ్రొక్కి నీరు త్రాగుతూ, దిగువన దానిలోనే మలినాలు విడిచిపెట్టడం ఏరు దాటి తెప్ప తగలేసినట్లు కాదా?

ఆ రేవు నీటిని ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞులు పి. ఎన్. గణపతి, ఎ. వి. రామన్ పరీక్షించి, దాని కాలుష్యాన్ని గూర్చి 1973లోనే ప్రకటించినారు. ఆ దశాబ్దంలోనే వారు కాపిటెల్లా కాపిటాటా అనే చిన్న సముద్రపు పురుగును గూర్చి కూడ వ్రాసినారు. వానపాముకు దూరపు చుట్టమైన ఈ పురుగు ఇతర ప్రాణులు నిలువలేని మురికి అడుసులో విస్తారంగా పెరుగుతుంది. అది గుంపులుగా కనబడినదంటే అక్కడ తక్కిన ప్రాణులు తప్పుకొన్నవని గ్రహించవచ్చును. నీటి పాపం ఎంతో చెప్పడానికి ఒక్కొక్కప్పుడు అంత చిన్న సాక్షి చాలును.

సాక్ష్యం దొరికిన మరుసటి సంవత్సరమే, 1974లో, దేశంలో జల కాలుష్య నివారణ శాసనం వచ్చినది. 1986లో పర్యావరణ పరిరక్షణ శాసనం వచ్చినది. అయినా 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలను తూచి, 43 ప్రాంతాలను అత్యంత కలుషితమైనవిగా లెక్కించినప్పుడు వాటిలో విశాఖపట్నం ఉన్నది. శాస్త్రజ్ఞుడు చెప్పిన ముప్పది ఆరు సంవత్సరాలకు పాలకుల పట్టికలో ఆ మాట నమోదైనది. శాసనం లేకపోవడం వలన గెడ్డలు చెడలేదు. తెలిసిన దానికి, చేసిన దానికి నడుమ ఏర్పడిన జాప్యం వలన చెడినవి.

ఆ జాప్యంలో గెడ్డ ఒక్కసారిగా మురుగు కాలువ కాదు. మెట్టు మెట్టుగా దిగుతుంది. మొదట దాని ఒడ్డు తరుగుతుంది. వేసవిలో ఎండిన పాయను చూసినవారికి అది వృథాగా పడి ఉన్న నేలగా కనబడుతుంది. రెండవ మెట్టు, ఇండ్లు దానికి వీపు త్రిప్పుతవి. పూర్వం గెడ్డ వైపు మెట్లు దిగేవి, రేవులు ఉండేవి; ఇప్పుడు గెడ్డ వైపు గొట్టాలు దిగుతవి. మూడవ మెట్టు, దాని ఒడ్డులకు కాంక్రీటు గోడలు లేస్తవి. అంతటితో నేలకు, నీటికి సంబంధం తెగి, నూతులలో ఊట తగ్గుతుంది. నాలుగవ మెట్టు, దుర్వాసన భరించలేక దానిపై పలకలు పరుస్తారు. కంటికి కనబడని దానిని గూర్చి అడిగేవారుండరు. ప్రతి మెట్టునా ఒక న్యాయమైన కారణమే వినబడుతుంది: ఇంటి స్థలం, వరద రక్షణ, ఆరోగ్యం, రహదారి. అన్ని మెట్లు దిగిన తరువాత చూస్తే గెడ్డ లేదు.

లేదని అనుకొన్న గెడ్డ ఒక దినాన తిరిగి వస్తుంది. విజయవాడవారికి 2024 సెప్టెంబరులో బుడమేరు ఈ పాఠమే చెప్పినది. మైలవరం ప్రాంతపు కొండలలో పుట్టి కొల్లేటికి పోయే ఆ ఏటిని నగరం చాలకాలం మరచిపోయినది. భారీ వర్షాలకు బుడమేరు పొంగి, మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడగా, అజిత్‌సింగ్‌నగర్ మొదలైన పేటలు దినాల తరబడి నీటిలో నిలిచినవి. నీరు పల్లమెరుగు అని పెద్దలు ఏనాడో అన్నారు. పట్టాలు, ప్లాట్ల సంఖ్యలు మనుష్యులు ఎరుగుదురు గాని నీరు ఎరుగదు. ఆ వరదలో ఎక్కువ నష్టపడినవారు ఏటిని పూడ్చిన నిర్ణయాలు చేసినవారు కారు. చవుకగా దొరికినదని పల్లంలో ఇల్లు కట్టుకొన్న సామాన్యులు.

ఇక ఎచ్చెర్ల ప్రాంతానికి వద్దాము. ఎచ్చెర్లలో డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008 నుండి ఉన్నది. చిలకపాలెం, రణస్థలం, పైడిభీమవరం, పూసపాటిరేగ, భోగాపురం అంటూ రహదారి వెంట ఊళ్లు ఒకదాని వైపు ఒకటి సాగుతున్నవి. పైడిభీమవరంలో ఔషధ పరిశ్రమలు నెలకొన్నవి. ఆ పరిసరాలలోనిదే కందివలస గెడ్డ. భోగాపురం వద్ద అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన జరిగినది. పైన చెప్పిన నాలుగు మెట్లలో మొదటి మెట్టు మీద నిలిచిన నేల ఇది. విశాఖపట్నంలో గడచిపోయినది ఇక్కడ ఇంకను గడవవలసి ఉన్నది. కనుకనే ఇక్కడ మాట్లాడుకొనడంలో ప్రయోజనం ఉన్నది.

ఇందుకు ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. శ్రీకాకుళం జిల్లా వలసలకు పేరుపడినది. ఇక్కడి కూలీలు, మత్స్యకారులు పొట్ట చేతబట్టుకొని దూరపు రాష్ట్రాలకు పోతున్నారు. ఉన్న ఊరిలో ఒక కర్మాగారం వస్తే కొందరైనా ఇంటిపట్టున ఉంటారు గదా, గెడ్డ పేరు చెప్పి దానికి అడ్డుపడడం న్యాయమా అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. జీతం చేత ఇంట పొయ్యి వెలిగిన కుటుంబానికి గెడ్డలోని చేప రెండవ మాటయే.

అయితే లెక్కను పూర్తిగా వేయవలెను. వ్యర్థజలాన్ని శుద్ధి చేయడానికి కర్మాగారానికి కొంత ఖర్చు అవుతుంది. శుద్ధి చేయనప్పుడు ఆ ఖర్చు మాయమైపోదు; గెడ్డ వెంట దిగువకు ప్రయాణిస్తుంది. పొలం చెడిన రైతు కొంత, వల ఖాళీగా లేచిన మత్స్యకారుడు కొంత, నూతి నీరు మాని డబ్బా నీరు కొనుక్కొనే ఇల్లాలు కొంత దానిని చెల్లిస్తారు. వారిలో చాలమందికి ఆ కర్మాగారంలో జీతం ఉండదు. జీతం ఒకరికి, చెల్లింపు మరొకరికి అయినప్పుడు దానిని అభివృద్ధి అనడం కంటె అప్పు అనడం ఉచితం. పైగా, గెడ్డ చెడితే సముద్రపు అంచున చేపపిల్లలు పెరిగే మొగలు చెడుతవి. అప్పుడు వలస తగ్గడానికి బదులు మరొక త్రోవన పెరుగుతుంది. పరిశ్రమ కావలెనా, గెడ్డ కావలెనా అన్నది అసలు ప్రశ్న కాదు. శుద్ధి ఖర్చు ఎవరి పద్దులో వ్రాయవలెనన్నదే ప్రశ్న. 1974 నాటి శాసనం దానికి ఎప్పుడో జవాబు చెప్పినది. వ్యర్థజలాన్ని ప్రమాణాలకు లోబడి విడువవలసిన బాధ్యత దానిని పుట్టించినవారిదే.

ఇండ్ల విషయంలో కూడ లెక్క ఇదే. కర్మాగారాన్ని వేలెత్తి చూపే పట్టణవాసి తన వీధి మురుగు ఎక్కడికి పోతున్నదో అడుగడు. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల ప్రకారం దేశంలో 351 కలుషిత నదీభాగాలు తేలినవి. ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి అయిదు. గోదావరి, కృష్ణ, తుంగభద్ర, కుందు, వాటితోపాటు తోటపల్లి వద్ద నాగావళి. శ్రీకాకుళానికి ప్రాణప్రదమైన నది ఆ పట్టికకెక్కడం ఆలోచించదగిన విషయం. అంతకంటె ఆలోచించవలసినది, ఆ పట్టికలో గెడ్డ ఒక్కటియు లేకపోవడం. పెద్ద నదుల మీద నిలకడగా నమూనాలు తీసే స్థానాలున్నవి. గెడ్డకు అంతటి శ్రద్ధ దక్కదు. జాబితాలో పేరు లేకపోవడం నిర్మలత్వానికి సాక్ష్యం కాదు. పరీక్ష వ్రాయని విద్యార్థి పేరు తప్పినవారి పట్టికలో కూడ ఉండదు గదా!

చెడిన పాయను తిరిగి తెచ్చిన దృష్టాంతాలు లోకంలో ఉన్నవి. కొరియా రాజధాని సియోల్‌లో చోంగ్యేచోన్ అనే ఏటిని గత శతాబ్దంలో పలకలతో కప్పి, దానిపై ఎత్తయిన రహదారి కట్టినారు. 2003లో ఆ రహదారిని కూల్చడం ఆరంభించి, 2005 నాటికి సుమారు ఆరు కిలోమీటర్ల మేర ఏటిని మరల వెలుగులోకి తెచ్చినారు. ఈ కథ వినడానికి ఇంపుగా ఉన్నది గాని దానిలో ఒక హెచ్చరిక కూడ ఉన్నది. ఆ ఏటిలో నేడు పారే నీటిలో చాలభాగం హాన్ నది నుండి యంత్రాలతో తోడిపోసినది. పోగొట్టుకొన్న ఏటిని సంపన్న నగరం కూడ పూర్తిగా తిరిగి పొందలేదు. దాని రూపాన్ని మాత్రం ఎంతో ధనం పోసి కొనుక్కొన్నది. పోకముందే నిలుపుకొనడం ఎచ్చెర్ల వంటి చోట్లకు మిగిలిన చవుకైన మార్గం.

నిలుపుకొనడానికి చేయవలసినవి నాలుగు. గ్రామ పటాలలో గెడ్డ పోరంబోకుగా చూపిన నేలను కొలిచి, హద్దురాళ్లు పాతి, ఆ కొలతలను పంచాయతీ గోడ మీద అందరికీ తెలిసేటట్లు వ్రాయించవలెను. కొత్త వసతులకు అనుమతి ఇచ్చేముందు మురుగు ఎక్కడ శుద్ధి అవుతుందో నిర్ణయించవలెను. ఇండ్లు లేచిన తరువాత ఆ ప్రశ్న అడగడం వ్యర్థం. పరిశ్రమలున్న చోట గెడ్డ నీటిని ఎగువన, దిగువన నెలనెలా పరీక్షించి ఫలితాలను ప్రకటించవలెను. చెరువుల గొలుసును తెగకుండ కాపాడవలెను. నీరు, భూమి, వృక్షాల పరిరక్షణకై 2002లో వచ్చిన రాష్ట్ర శాసనం జలాధారాల రక్షణకు అధికారులకు అధికారం ఇచ్చినది. కావలసినది కొత్త శాసనం కాదు, అడిగే నోరు.

ఆ నోరు పాఠశాలలో తయారుకావలెను. ఉపాధ్యాయుల తోడ్పాటుతో పిల్లలు తమ ఊరి గెడ్డ పుట్టుక నుండి చేరిక వరకు పటం గీయవచ్చును. ఏ ఋతువులో ఎంత పారినదో, నీటి రంగు ఏమిటో, నలుపు తెలుపు పలకను నీటిలోనికి దించితే ఎంత లోతు వరకు కనబడుతున్నదో ఒక పుస్తకంలో తేదీలతో వ్రాయవచ్చును. నీటి పురుగులను చూసి గెడ్డ ఆరోగ్యాన్ని కొంతవరకు గుర్తించవచ్చును. తూనీగల పిల్లపురుగులు ఉన్న నీటిలో ప్రాణవాయువుకు అంతగా కొదవ లేదని తలచవచ్చును. నెత్తురు రంగు గల సన్నని పురుగులే మిగిలితే ప్రాణవాయువు తగ్గినదని అనుమానించవలెను; ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును పట్టుకొనే హిమోగ్లోబిన్ వాటి ఒంటిలో ఉన్నది. పెద్దలు వెంట లేకుండ పిల్లలు నీటిలో దిగరాదు. రంగు మారిన నీటిని తాకరాదు. పది సంవత్సరాలు ఇట్లు వ్రాసిన పుస్తకం ఒక పాఠశాలలో ఉంటే, గెడ్డ ఎప్పుడు, ఎక్కడ చెడినదో చెప్పడానికి మరొక సాక్షి అవసరం ఉండదు.

తెలుగు వాచకాలలో పాఠం చివర ఒక అభ్యాసం ఉంటుంది: ఈ పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి. ఎచ్చెర్ల చుట్టుపట్ల బడిలో ఉపాధ్యాయుడు గెడ్డ అనే పదం ఇస్తే ఈనాటికి పిల్లలు వ్రాయగల వాక్యాలు రెండు మూడు ఉన్నవి. గెడ్డ పొంగినది, చెరువు నిండినది. గెడ్డలో చేపలు పట్టినారు. మరి ఇరువది ఏండ్ల తరువాత అదే బడిలో, అదే పదానికి ఏ వాక్యం వస్తుందో వ్యాకరణం నిర్ణయించదు. ఈ సంవత్సరం ఏ పొలం ప్లాట్లయినదో, ఏ గొట్టం ఎటు తిరిగినదో, ఏ గ్రామసభలో ఎవరు లేచి అడిగినారో, అవి నిర్ణయిస్తవి.